కపాలద్వయము: హాన్స్ కోపర్ మృణ్మయ శిల్పము



సంజీవదేవ్ గారి స్మృత్యర్థము జరుగుచున్న ఈ ఉపన్యాసమునకు నన్ను ఆహ్వానించినప్పుడు కొంత సంకోచించితిని. ఆయన స్వహస్తముతో వ్రాసిన ఉత్తరములను ఇనుప పెట్టెలలో దాచుకొన్నవారు ఈ సభలో పలువురు కలరు. ఆయనను గూర్చి చెప్పుటకు వారికున్న అధికారము నాకు లేదు. 1914లో తుమ్మపూడిలో జన్మించి, యౌవనమున హిమాలయ ప్రాంతముల సంచరించి, కులూ లోయలోని నగ్గర్‌లో నికొలాస్ రోరిక్ ఇంట అతిథియై, ఆపైన దుగ్గిరాల చెంతనున్న స్వగ్రామమునకే మరలివచ్చి, 1999లో కన్నుమూయు వరకు ప్రపంచ చిత్రకళను గూర్చియు, సౌందర్యతత్త్వమును గూర్చియు తెలుగువారికి తెలుగులోనే చెప్పుచు వచ్చిన ఆ రసజ్ఞుని ముందు నావంటివాని పాండిత్యము ఏపాటిది? అయినను ఒక్క సంగతి నాకు ధైర్యము నిచ్చినది. రోరిక్ స్వదేశమైన రష్యాను విడిచి వచ్చిన చిత్రకారుడు. అట్టివాని ఇంట కొంతకాలము గడిపిన మనిషిని స్మరించు నేడు, దేశము విడిచిన మరియొక కళాకారుని కథ చెప్పుట అనుచితము కానేరదని తోచినది. అతని పేరు హాన్స్ కోపర్. పుట్టినది జర్మనీలో, మట్టి పట్టినది ఇంగ్లాండులో. అతడు చేసినవి కుండలా, శిల్పములా అను ప్రశ్న నేటికిని వినబడుచునే యున్నది. నాకు తోచిన సమాధానమును విడివిడి మెట్లుగా మనవి చేసెదను. కొన్ని మెట్లు పొట్టివి, కొన్ని పొడుగువి. మన్నింపుడు.

1

తర్కము చెప్పుకొన్న బాల్యదినములలో నన్ను మిక్కిలి వేధించిన పదార్థము ఘటము. నైయాయికుల మతమున కపాలములు రెండును ఘటమునకు సమవాయికారణములు. ఆ రెంటి సంయోగము అసమవాయికారణము. కులాలుడును, దండచక్రాదులును నిమిత్తకారణములు. వల్లె వేయుటకు కష్టమేమియు లేదు. కాని మా వీధి చివరనే కుమ్మరివారి ఇండ్లుండెను. బడి విడిచిన పిదప నా కాలక్షేపమంతయు అచ్చటనే. సారె మీద ముద్ద పెట్టి, కర్రతో గిరగిర త్రిప్పి, మెడయు మూతియు తీర్చి, దారముతో కోసి దింపి, కొంచెమారిన పిమ్మట లోపల రాతిగుండు ఒత్తిపట్టి వెలుపల చెక్కతో తట్టి తట్టి అడుగును మూయుట చూచితినే కాని, రెండు కపాలములు చేసి అతుకుట ఏనాడును చూడలేదు. ఈ సందేహమును గురువుగారికి విన్నవించితిని. ఆయన పొడుము పట్టు విదిలించి, "కుండ పగిలిననాడు చూడరా, కపాలములెన్నో తెలియును" అనిరి. అది శాస్త్రమో పరిహాసమో నాకు నేటికిని నిశ్చయము కాలేదు.

ఆ కపాలద్వయము నా కంటబడినది నడివయస్సు దాటిన పిమ్మట, ఇంగ్లాండులోని నార్విచ్ పట్టణమున. అచ్చటి విశ్వవిద్యాలయపు ఆవరణలో సెయిన్స్‌బరీ దంపతులు కూడబెట్టిన కళాఖండములకై 1978లో తెరువబడిన ప్రదర్శనశాల యున్నది. హెన్రీ మూర్ శిల్పములు, ఆఫ్రికా ముఖములు, ఏజియన్ సముద్రద్వీపముల పాలరాతి బొమ్మలు ఒకే చూరు క్రింద నిలిచియున్న ఆ విశాలమందిరములో, ఒక గాజుపెట్టె యందు జానెడున్నర ఎత్తుగల వస్తువొకటి నన్ను నిలిపివేసినది. క్రింద గుండ్రని పొట్టి స్తంభము. దాని మీద, రెండు అరచేతుల నడుమ ఒత్తినట్లు చదునై, పారవలె విప్పారిన పై భాగము. తుదిని సన్నని చీలికవంటి మూతి. రంగు తెలుపనవచ్చును, కాని పాత ఇంటిగోడకు వేసిన సున్నమును ఎవరో గోటితో గీరినట్లు ఆ తెలుపు క్రిందినుండి కపిలవర్ణము సన్నసన్నని గీతలై పైకి వచ్చుచుండెను. నేను మోకాళ్లూని వంగితిని. కావలివాడు నన్ను అనుమానముగా చూచినాడు. స్తంభమును పై భాగమును కలిసినచోట, వెండ్రుకంత గీత. రెండుగా చేసి ఒకటిగా అతికిన ఘటము! గురువుగారు బ్రదికియుండినచో ఆ సాయంకాలమే ఉత్తరము వ్రాసియుందును.

2

జీవితకథను త్వరగా చెప్పెదను. త్వరగా చెప్పుటకు కారణము తరువాత చెప్పెదను.

కోపర్ 1920లో సాక్సనీ ప్రాంతమున కెమ్నిట్స్ పట్టణములో జన్మించెను. తండ్రి యూదుడు, బట్టల మిల్లుల వ్యాపారమున నున్నవాడు. నాజీల పాలన వచ్చినది, వ్యాపారము పోయినది. 1936లో, తాను లేకున్న కుటుంబమునకు కొంత రక్షణ కలుగునేమోయను తలంపుతో, ఆ తండ్రి స్వయముగా ప్రాణము తీసికొనెను. మూడేండ్లకు, 1939లో, కుమారుడు ఇంగ్లాండు చేరెను. ఇచ్చట విధివిలాసమును గమనింపుడు. జర్మనీ దృష్టిలో అతడు జర్మనుడు కాడు, యూదుడు. యుద్ధము ముదిరిన 1940లో ఇంగ్లాండు దృష్టిలో అతడు యూదుడు కాడు, జర్మనుడు. శత్రుదేశీయుడని నిర్బంధించి, ఓడ యెక్కించి, కెనడా శిబిరమునకు పంపివేసిరి. మరుసటి యేడు, కూలిపనులు చేయు సైనికదళమగు పయొనీర్ కోర్‌లో చేరుటకు సమ్మతించి తిరిగివచ్చెను. యుద్ధము ముగియునాటికి అతనికి చదువు లేదు, వృత్తి లేదు, ఇల్లు లేదు. శిల్పి కావలెనను కోరిక మాత్రము కలదు.

3

1946లో అతనికి దొరికిన ఉద్యోగము బొత్తాములు చేయుట. నవ్వకుడు; కథ యంతయు ఈ బొత్తాములలోనే యున్నది.

లండనులో హైడ్ పార్కు చెంత ఆల్బియన్ మ్యూస్ అను సందులో, పూర్వము గుఱ్ఱపు సాలగా నుండిన చిన్న ఇంట, లూసీ రీ యను స్త్రీ పింగాణి బొత్తాముల పని సాగించుచుండెను. ఆమె 1902లో వియన్నాలో పుట్టి, అచ్చట పేరుపొందిన కుంభకారియై, 1938లో ప్రాణము దక్కించుకొని లండను చేరిన యూదురాలు. యుద్ధకాలమున పూలకుండీలు కొనువారు లేరు. బొత్తాములు కొనువారు కలరు. సంపన్నస్త్రీల అంగీలకు ఏ బట్టకు ఆ రంగు కుదురునట్లు మెరుగు కలిపి, అచ్చులలో ఒత్తి, విద్యుత్తు కొలిమిలో కాల్చి యిచ్చెడిది. ఆ పనిలో సాయమునకు మట్టి ముట్టి యెరుగని కోపర్ కుదిరెను. కొద్ది మాసములలోనే అతడు సారె పట్టెను. తరువాత పండ్రెండేండ్లు ఆ ఇంటి పనిశాలలోనే పనిచేసి, ఆమెతో కలిసి టీ కప్పులు, కాఫీ పాత్రలు, సలాడ్ గిన్నెలు చేసి, వానికి ఇరువురి ముద్రలును వేసి అమ్మెను. అతని ముద్ర అతని పేరులోని రెండు పొడి అక్షరములు; ప్రక్కకు త్రిప్పి చూచిన అది సారె మీద గిన్నె పెట్టినట్లే కనబడును.

ఆమె వయసున పదునెనిమిదేండ్లు పెద్ద, కీర్తిలో అంతకన్న పెద్ద. అయినను తాను కుమ్మరి ననియు, కోపర్ కళాకారుడనియు ఆమె ఎల్లవేళల చెప్పెడిదట. ఈ వినయమును నేను గౌరవింతును కాని అంగీకరింపను. ఆమె మాటలో కుమ్మరి యొక మెట్టు క్రింద, కళాకారుడొక మెట్టు పైన ఉన్నట్లు వినబడును. కోపర్ గొప్పతనము కుమ్మరిగానే యున్నదనుట నా పక్షము.

ఆ కాలపు ఇంగ్లాండులో కుండలకు పెద్దదిక్కు బెర్నార్డ్ లీచ్. హాంకాంగ్‌లో పుట్టి, జపానులో నేర్చి, 1920లో సెయింట్ ఐవ్స్ అను సముద్రతీరపు ఊరిలో హమాడా షోజీతో కూడి కొలిమి నిలిపిన ఆ ఆంగ్లేయుడు, తూర్పుదేశముల బరువైన, గోధుమవన్నె పాత్రలను ఇంగ్లాండుకు ఆదర్శముగా చూపెను. ఇంగ్లీషువాడు జపాను రుచి పట్టుకొని వచ్చుటయు, పారిపోయి వచ్చిన వియన్నా, జర్మనీ వారిద్దరు ఇంగ్లాండు నగరజీవనమునకు తగిన సన్నని, నిటారైన పాత్రలు చేయుటయు విచిత్రమే కదా. వారి చెంతనే హాంబర్గు నుండి వచ్చిన రూత్ డక్‌వర్త్ అను మరియొక కాందిశీకురాలు లూసీ రీ సలహాతో కుండల విద్య నేర్చి, 1964లో షికాగోకు తరలిపోయి, గోడలంత మట్టిశిల్పములు చేసెను. ఆమె కథ మరియొక ఉపన్యాసము. ఆమె సారెను విడిచినది, కోపర్ విడువలేదు. నా ప్రసంగమంతయు ఈ "విడువలేదు" అను మాట మీదనే నిలిచియున్నది.

4

ఇప్పుడు పనిని దగ్గరగా చూతము. విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధగా వినవలెను. పెద్దలు కావలసిన కునుకు తీయవచ్చును.

సారె ఇచ్చునది ఒక్కటే: గుండ్రన. అక్షము చుట్టును తిరుగు ముద్ద మీద చేయి ఎచ్చట ఆనినను ఆ తాకిడి వలయమగును. గిన్నె, గొట్టము, గోళము, గరాటు వంటివి తప్ప సారెకు వేరు రూపములు తెలియవు. గుండ్రన కాని ఆకృతి కావలసినవాడు సామాన్యముగా సారె దిగిపోవును. మట్టిపలకలు పరచి పెట్టెవలె కట్టును, లేదా తాళ్లవలె పేని చుట్టలు చుట్టును. కోపర్ దిగలేదు. ఒక గొట్టమును లేపును. వేరుగా ఒక గిన్నెను లేపును. వేరుగా ఒక బిళ్లవంటి గోళమును లేపును. అవి పూర్తిగా పచ్చిగా నుండవు, పూర్తిగా ఎండవు. చర్మమువలె వంగునంత తడి మిగిలిన వేళ, గొట్టమును రెండు ప్రక్కల మెల్లగా ఒత్తి చదును చేయును. గిన్నెను బోర్లించి దాని వీపు మీద రంధ్రము కోయును. అంచులు గీరి, తడి మట్టి పూసి, ఒకదాని నొకటి కూర్చును. చదునైన పై భాగమున కూడ సారె వేసిన వలయములు కనబడుచునే యుండును. ఒత్తిడికి అవి కోడిగ్రుడ్డు చాలుగా సాగినవి, అంతే. గుండ్రన పోలేదు, వంగినది.

ఆపైన పూత. కరిగించిన తెల్లమట్టి యొక పొర, మాంగనీసు కలిపిన నల్లని పొర, మరల తెలుపు. ఆరిన పిదప గీరుడు, రుద్దుడు, మరల పూయుడు. ఇదంతయు పచ్చికుండ మీదనే. తరువాత ఒక్కసారి కాల్పు, విద్యుత్తు కొలిమిలో, ఇంచుమించు 1250 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో. మెరుగు లేదు, పువ్వు లేదు, గీసిన బొమ్మ లేదు. ఇరువది యేండ్లకు పైగా ఈ తెలుపు, ఈ నలుపు, పట్టుమని పది ఆకృతులు. పార, గ్రుడ్డు, మొగ్గ, ఇసుకగడియారము అని చూచినవారు వానికి పేర్లు పెట్టుకొనిరి.

ఘటాకాశ మహాకాశముల దృష్టాంతము మీ నాలుకల చివర నాడుచున్నదని నాకు తెలియును. ఒక్క క్షణము నిలుపుడు. వేదాంతికి కుండ పగులుటయే ముఖ్యము. పగిలినగదా లోని ఆకాశమును వెలి ఆకాశమును ఒకటియని తేలుట! కోపర్‌కు కుండ నిలుచుటయే ముఖ్యము. అతని ప్రతి వస్తువునకును మూతి యున్నది, లోపలి బోలు ఉన్నది. చాలవానిలో నీరు పోసి పూలరెమ్మ నిలుపవచ్చును. అమూర్తశిల్పమని మనము పిలుచు ఈ ఆకృతి పాత్రత్వమును త్రోసిపుచ్చి పుట్టినది కాదు. మనుష్యరూపమును చెక్కి చెక్కి అస్పష్టము చేసి అమూర్తమునకు చేరిన శిల్పులు కలరు. వారు వస్తువునుండి దూరముగా నడచిరి. కోపర్ ఏ వస్తువునుండియు దూరము నడువలేదు. సారెకు తెలిసిన నాలుగు రూపములను ఒకదానితో నొకటి కలిపినప్పుడు, ఆ కలయికలో ఇంతకుముందు లోకమున లేని ఐదవ రూపము లేచి నిలిచినది. నైయాయికుని మాటలలో చెప్పవలెనన్న, అతని కళ సమవాయికారణములో లేదు, నిమిత్తకారణములో లేదు. అసమవాయికారణములో, సంయోగములో నున్నది. ఈ మాట అనునప్పుడు గురువుగారి పొడుము డబ్బీ నా కన్నుల ముందు మెదలుచున్నది.

5

1959లో కోపర్ లండను విడిచి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని డిగ్జ్‌వెల్ అను చోటికి పోయెను. కళాకారులకును, గృహనిర్మాతలకును పొత్తు కుదుర్చు సంస్థ యొకటి అచ్చట ఒక పాత భవనమున నెలకొనియుండెను. భవనములకు తొడుగు పలకలు, ధ్వనిని అదుపు చేయు ఇటుకలు మున్నగువానిని ప్రయత్నించెను. వానిని గూర్చి చెప్పుటకు విశేషము లేదు. చెప్పవలసినది కవెంట్రీ క్రైస్తవ దేవాలయపు దీపస్తంభములను గూర్చి.

1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానములు కవెంట్రీ నగరమును తగులబెట్టినప్పుడు అచ్చటి ప్రాచీన దేవాలయము గోడలు మాత్రము మిగిలి కూలినది. ఆ రాత్రి కోపర్ జర్మనుడైన నేరమునకు ఆంగ్ల ప్రభుత్వపు నిర్బంధములో నుండెను. శిథిలములను అట్లే యుంచి వాని ప్రక్కనే బేసిల్ స్పెన్స్ రూపకల్పన చేసిన నూతన దేవాలయము 1962 మే 25న ప్రతిష్ఠితమైనది. బలిపీఠమునకు ఇరుప్రక్కల నిలిచిన ఆరు మట్టి దీపస్తంభములు కోపర్ చేసినవి. మనిషిని మించిన ఎత్తు. అంత ఎత్తు సారె మీద ఒక్కసారి లేపుటకు ఎవనికిని సాధ్యము కాదు. ముక్కలు ముక్కలుగా లేపి, ఒకదానిపై నొకటి నిలిపినవి. పాదము వెడల్పై, నడుము సన్నగిలి, పైకి పోవుకొలది మరల విచ్చుకొని, తలపై ఒక్కొక్క క్రొవ్వొత్తిని మోయుచుండును. వాని వెనుక గ్రాహం సదర్లాండ్ చిత్రించగా ఫ్రాన్సులో నేసిన, 70 అడుగులకు మించిన పచ్చని తెర వ్రేలాడుచుండును. ఆ తెర మీద క్రీస్తు. అంత పెద్ద బొమ్మ ముందు చిన్నబోవక, దానితో పోటీకి దిగక, తమ పని తాము చేసికొనుచు నిలుచుట ఆ ఆరింటికే చెల్లినది. దీపము మోయవలెను, మోసినవి. పరమ అమూర్తమైన ఆకృతి పరమ ప్రయోజనకరమైన పనిలో ఎట్లు కుదురుకొనునో చూపుటకు నాకు తెలిసినంతలో ఇంతకుమించిన ఉదాహరణము లేదు.

6

ఇప్పుడు ఇందాక దాటవేసిన మాటకు వచ్చెదను: జీవితకథను త్వరగా చెప్పుటకు కారణము.

కోపర్ కుండల మీది అతుకులను చూచి అవి కాందిశీకుని గాయములనియు, గీరిన పూతను చూచి అది చెరిగిన స్వదేశమనియు చెప్పుట సులభము. వినుటకు ఇంపుగానే యుండును. నేనును ఒకప్పుడు అట్లే వ్రాసి మెప్పు పొందితిని. కాని ఆ అతుకును ఒక్కమారు దగ్గరగా చూచినవాడు అట్లనలేడు. గాయమనునది కలుగునది, అతుకు చేయునది. తడి ఎక్కువైన జారిపోవును, తక్కువైన కాల్పులో విడిపోవును. ఆ తడిని కనిపెట్టి గంటలకొలది కాచుకొని కూర్చున్నవాని చేతులలో దుఃఖమున్నదో లేదో మనకు తెలియదు. నైపుణ్యము మాత్రము ఉన్నది. అతుకు అతని ఆత్మకథ కాదు. సారెకు అతడు ఇచ్చిన మాట. సారె దిగను, గుండ్రనను దాటుదును: ఈ రెండును ఒక్కసారి కావలసినవానికి అతకక మరియొక దారి లేదు.

అతడు తన పనిని గూర్చి వ్రాసినది మిక్కిలి స్వల్పము. 1969లో విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నేతకళాకారుడు పీటర్ కాలింగ్‌వుడ్‌తో కలిసి ప్రదర్శన జరిపినప్పుడు ఒక చిన్న వ్రాత వ్రాసెను. అందు తండ్రి లేడు, శిబిరము లేదు. ఉన్నది ఒక కుండ: రాజవంశములకు పూర్వపు ఐగుప్తు దేశములో వేల యేండ్ల క్రింద ఎవరో చేసిన, ఇంచుమించు గ్రుడ్డు ఆకారము గల, తన చేయి యంత కుండ. పేరు లేని ఆ పనివాని చేత పుట్టి, ఆడంబరమేమియు లేక ఇన్నాళ్లు నిలిచిన ఆ వస్తువు తనను పట్టి విడువలేదను భావము అందు కలదు. తన్ను గూర్చి చెప్పుమనిన లోకమునకు పరుల కుండను చూపినవాని కుండలో మనము అతని కన్నీళ్లు వెదకుట మర్యాద కాదు.

బోధకుడుగాను అతడు అట్టివాడే. కాంబర్‌వెల్‌లోను, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోను అతడు బోధించెను; రాయల్ కాలేజ్‌లో అతని చెంత చదివిన ఎలిజబెత్ ఫ్రిట్ష్, అలిసన్ బ్రిటన్, జాక్వెలిన్ పోన్స్‌లే తరువాతి తరము మృణ్మయకళలో ప్రసిద్ధులైరి. వారిలో ఏ ఒక్కరి పనియు అతని పనివలె నుండదు. ఎట్లు చేయవలెనో చెప్పుటకన్న ఎందుకు చేయుచున్నావని అడుగుటయే అతని పద్ధతి యట. మన కళాశాలల గురువులు కొందరు ఈ సభలో నున్నారు గనుక ఈ విషయమును ఇంతటితో విడిచెదను.

7

1967లో అతడు సోమర్సెట్ ప్రాంతములోని ఫ్రోమ్ చెంత ఒక పాత వ్యవసాయగృహమునకు మారెను. చివరి ఆకృతులు అచ్చట పుట్టినవి. నార్విచ్ ప్రదర్శనశాలలో చూచితినన్న ఏజియన్ ద్వీపముల పాలరాతి బొమ్మలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సిక్లడీస్ ద్వీపములలో సుమారు అయిదువేల యేండ్ల క్రింద చెక్కినవి, చేతులు ముడుచుకొని, ముఖమున ముక్కు తప్ప మరేమియు లేక, పాదములు వాలియుండుటచే తమంతట తాము నిలువలేనివి. ఆ ద్వీపముల పేరుననే పిలువబడు కోపర్ చివరి పాత్రలును నిలువలేనివే. పైన ఈటె మొనవలెనో, మొగ్గవలెనో విచ్చుకొన్న పాత్ర, క్రిందికి వచ్చుకొలది సన్నగిలి సన్నగిలి వ్రేలంతయగును. దాని క్రింద ఒక చిన్న గుండ్రని దిమ్మ. ఈ రెంటిని పచ్చిమట్టితో అతుకుట కుదరదు. వేరువేరుగా కాల్చి, నడుమ సన్నని చీల దింపి నిలిపెను. అంతవరకు తడిలో జరిగిన సంయోగము ఇప్పుడు కాలిన రెండు కపాలముల నడుమ, ఒక చీల మీద, జరుగుచున్నది.

1975లో అతనికి కండరములు క్రమముగా క్షీణించు వ్యాధి యున్నట్లు తేలినది. సారె పట్టుటకు చేతులు చాలని దినములు వచ్చుచున్నవని తెలిసియే అతడు ఈ పాత్రలను చేయుచుండెను. వ్యాధి పెరిగినకొలది పాత్రలు చిన్నవైనవి. మొన మాత్రము అంతకంతకు సన్ననైనది. 1981 జూన్ 16న కోపర్ మరణించెను. తన్ను గూర్చిన కాగితములను అతడు దాదాపు మిగుల్చలేదు.

నార్విచ్‌కు నేను రెండవమారు పోయినప్పుడు ఇట్టి పాత్ర యొక్కటే నా ఎదుట నుండెను. ఈసారి కావలివాడు వేరొకడు, వృద్ధుడు. వంగి చూచుచున్న నన్ను గమనించి దగ్గరకు వచ్చి, పైభాగమును కాదు, క్రింది దిమ్మను చూడుమని వ్రేలితో చూపినాడు. చూచితిని. బండరాయి యనుకొన్న ఆ దిమ్మ చుట్టును, గీరిన తెలుపు క్రింద, వలయములు. అదియును సారె మీద లేపినదే, లోపల బోలుగనే యున్నది. ఆ బోలు మీద చీల, చీల మీద మొన, మొన మీద పాత్ర. అన్నిటికిని పైన, ఒక చామంతికాడ పట్టునంత మూతి, కప్పునకు ఎదురుగా తెరచియుండెను.